నునుపు వేరు, తేలిక వేరు

రివాల్వరనగనే మన తెలుగు ప్రేక్షకుల కన్నుల ముందు గుఱ్ఱము, టోపీ, ఎడారి, వీని నడుమ మెఱుపువలె ఒరనుండి వెలికివచ్చు నొక తుపాకి నిలుచును. 1971లో విడుదలయైన ‘మోసగాళ్లకు మోసగాడు’ నాటినుండి కౌబాయి వేషము మన వెండితెరకు చుట్టమైనది. అట్టి కథలకు మూలమైన అమెరికా పశ్చిమ సీమలో ప్రసిద్ధి కెక్కిన 1873 నాటి కోల్ట్ రివాల్వరు మిక్కిలి సరళమైన యంత్రము. ప్రతి కాల్పునకు ముందు బొటనవ్రేలితో హ్యామరును వెనుకకు లాగవలెను. ఎత్తిన హ్యామరును విడిచిపెట్టుట తప్ప ట్రిగ్గరునకు వేఱు పని లేదు. కావుననే దానిని సింగిల్ యాక్షన్ రివాల్వరందురు. నేనీ వ్యాసమున చెప్పబూనినది దానికి భిన్నమైన జాతిని గూర్చి: పెద్ద ఫ్రేము గల డబుల్ యాక్షన్ రివాల్వరును గూర్చి, దానిని తన చేతికి తగినట్లు తీర్చుకొనుటను గూర్చి, తీర్చుకొన్నదానిని చెడకుండ కాపాడుకొనుటను గూర్చి.

డబుల్ యాక్షన్ రివాల్వరులో హ్యామరును ఎక్కించునదియు ట్రిగ్గరే, విడుచునదియు ట్రిగ్గరే. చూపునకిది చిన్న మార్పువలె తోచును గాని, లోపల నొక చిన్న గడియారమంత కూర్పు దాగియున్నది. వ్రేలు కదలనారంభించినంతనే సిలిండరును అడుగునుండి పట్టియుంచిన స్టాప్ అను చిన్న గొళ్లెము తన గాడినుండి క్రిందికి దిగును. హ్యాండ్ అను సన్నని ఉక్కుబద్ద పైకి లేచి, సిలిండరు వెనుకనున్న నక్షత్రాకారపు పండ్లచక్రమును త్రోయును. ఆరు గదుల సిలిండరు ఆరవ వంతు తిరుగును. ఇంతలో హ్యామరు మెయిన్ స్ప్రింగను ఉక్కుపట్టీని వంచుచు వెనుకకు పోవుచుండును. క్రొత్త గది బ్యారెలునకు సరిగా ఎదురుపడినంతనే గొళ్లెము మఱియొక గాడిలో టక్కున పడి సిలిండరును బిగించును. అటుపిమ్మట మాత్రమే హ్యామరు జారి తూటా వెనుకనున్న క్యాపును కొట్టవలెను. వ్రేలు సడలించినపుడు రీబౌండ్ స్లైడను చిన్న దిమ్మె తన స్ప్రింగు బలముచే ట్రిగ్గరును ముందుకు నెట్టి, హ్యామరును క్యాపునకు తగులనంత దూరమున నిలుపును. ఇన్ని పనులు ఒక్క వ్రేలి లాగుడులో, ఈ వరుసలోనే, వెండ్రుకవాసి తప్పక జరుగవలెను. ఆ వరుసను చెడగొట్టకుండ ఆ లాగుడును హాయిగా చేయుటయే ఈ శిల్పమునకు సారము. తక్కిన అలంకారములన్నియు దాని తరువాతివి.

ఈ యంత్రమునకు పుట్టినిల్లు అమెరికా ఈశాన్యమున కనెక్టికట్ నదీతీరమని చెప్పిన తప్పుకాదు. ఆ నది యొడ్డున మసాచుసెట్సు రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డులో స్మిత్ అండ్ వెస్సన్ కర్మాగారమును, సుమారు నలుబది కిలోమీటర్ల దిగువన హార్ట్‌ఫర్డులో కోల్ట్ కర్మాగారమును దశాబ్దముల తరబడి పోటీపడి పనిచేసినవి. కోల్ట్ వారు 1898లో ‘న్యూ సర్వీస్’ అను పెద్ద రివాల్వరును వెలువరించిరి. స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ ఫ్రేములను పరిమాణమును బట్టి ఆంగ్లాక్షరములతో వ్యవహరింతురు. జె చిన్నది, కె మధ్యమము, ఎన్ పెద్దది. ఈ ఎన్ ఫ్రేము 1908లో .44 స్పెషల్ తూటాకై పుట్టినది. నేనిక్కడ నుదాహరణముగా తీసికొనునది దానినే. ఏలయన ఈ నూటపదునేడేండ్లకు పైబడిన కాలములో దానిపై మరమ్మత్తులు, ప్రయోగములు, పొరపాట్లు మిక్కిలి విరివిగా నడచినవి.

ఆ తొలి రివాల్వరును అభిమానులు ‘ట్రిపుల్ లాక్’ అని పిలుతురు. ప్రక్కకు తెరచుకొను సిలిండరును ముందు, వెనుక బిగించుటయే కాక, దానిని మోయు క్రేను వద్ద మూడవ బిగింపును గూడ అందులో నమర్చిరి. దాదాపు 15 వేలు మాత్రమే తయారైన ఆ రివాల్వరు నేటికిని పనితనమునకు గీటురాయిగా నిలిచియున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు సైన్యము దానిని తమ .455 తూటాకు మార్పించి కొన్నది. కాని బ్యారెలు క్రింద తూటాల వెడలింపు కడ్డీని కప్పియున్న ఒరలో కందకముల బురద చేరు ననుమానము బలపడగా, 1915లో వచ్చిన రెండవ నమూనాలో ఆ ఒరయు, మూడవ బిగింపును తొలగింపబడినవి. 1917లో అమెరికా యుద్ధములో ప్రవేశించినపుడు సైన్యమునకు పిస్తోళ్లు చాలక, ఆ పిస్తోలు తూటాలనే ఈ పెద్ద రివాల్వర్లలో వాడుటకు సగము చంద్రునివంటి యుక్కు క్లిప్పును కనిపెట్టిరి. అంచులేని మూడు తూటాలను అది యొక్కటిగా పట్టియుంచును. స్మిత్ అండ్ వెస్సన్ వారు అట్టి రివాల్వర్లను 1,60,000కు పైగా చేసిరి. ఆ అర్ధచంద్రుడు తరువాతి కాలమున పూర్ణచంద్రుడై, ఆరు తూటాలను ఒక్కమారుగా నింపు క్లిప్పుగా పందెగాండ్ర చేతులలో నెంత ప్రసిద్ధి పొందినదో ముందు చెప్పెదను.

తీర్చుకొను విద్యకు కర్మాగారమే గురువైన సంవత్సరము 1935. ఆర్థికమాంద్యము అమెరికాను పిప్పి చేయుచున్న ఆ దినములలో స్మిత్ అండ్ వెస్సన్ వారు .357 మ్యాగ్నమ్ అను బలమైన క్రొత్త తూటాతో ఎన్ ఫ్రేము రివాల్వరును విడుదల చేసి, కొనువాని చేతికి తగినట్లు ఒక్కొక్కదానిని వేఱువేఱుగా చేసియిత్తుమని ప్రకటించిరి. బ్యారెలు పొడవు మూడున్నర అంగుళముల నుండి ఎనిమిదిముక్కాలు అంగుళముల వఱకు పావు అంగుళము చొప్పున ఎంచుకొనవచ్చును. గురిచూచు సైట్లు, పిడులు ఎవరికి వలసినవి వారు కోరవచ్చును. ఏ దూరమునకు గురి సరిచేసి పంపవలెనో గూడ చెప్పవచ్చును. ధర 60 డాలర్లు, అనగా ఆనాటి కూలివానికి అందని వస్తువు. అయినను కోర్కెలు కర్మాగారపు శక్తిని మించినవి. మొదటి రివాల్వరు ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గార్ హూవరునకు చేరినది. తరువాత జనరలుగా విఖ్యాతుడైన జార్జి పాటన్ ఆ యేడే మూడున్నర అంగుళముల బ్యారెలుతో నొకదానిని కొని దంతపు పిడి వేయించుకొనెను. కొన్నవానికి నమోదు పత్రమొకటి ఇచ్చుచుండుటచే దానిని ‘రిజిస్టర్డ్ మ్యాగ్నమ్’ అనిరి. అట్టివి 1939 వఱకు సుమారు అయిదువేల యైదువందలు వెలువడినవి. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు: కొనువాని యిష్టమునకు వదలినవి పొడవు, పిడి, సైటు మొదలైన బాహ్యములే గాని, లోపలి కూర్పును మాత్రము అనుభవజ్ఞులైన పనివాండ్రు ఒకే పద్ధతిని చేతితో సరిచేసిరి. ఆ వివేకమును తరువాతి తరములలో పలువురు మఱచిరి.

బాహ్యమునందైనను హద్దు మీఱినచో నేమగునో తెలుపుటకు కోల్ట్ వారి పక్షమున నొక యుదాహరణము కలదు. ఆ కంపెనీ ప్రతినిధియై, తుపాకి విద్యలో సుప్రసిద్ధుడైన జాన్ హెన్రీ ఫిట్జెరాల్డ్ 1920ల నాట న్యూ సర్వీస్ రివాల్వర్ల బ్యారెలును రెండంగుళములకు కోసి, బట్టలకు తగులకుండ హ్యామరు కొమ్మును తెగగొట్టి, వ్రేలు వేగముగా లోపలికి పోవుటకై ట్రిగ్గరును కాచు కమ్మీ ముందుభాగమును కోసివేసి, ‘ఫిట్జ్ స్పెషల్’ అను పేర ప్రసిద్ధమైన రూపమును కల్పించెను. ఆయన నేర్పును నేను శంకింపను. బ్యారెలు కోత, హ్యామరు కోత ఒక ప్రయోజనమునకై చేసినవే. కాని ట్రిగ్గరు కమ్మీ కోత మాత్రము దోషమే యని నా నిశ్చితాభిప్రాయము. జేబులో, ఒరలో, క్రింద పడినపుడు ఆ కమ్మీయే ట్రిగ్గరునకు కవచము. సగము సెకండు లాభమునకై కవచమును విడుచుట తగదు. నేడు బాధ్యత యెఱిగిన శిల్పి యెవడును అట్టి పని చేయడు.

ఇక లోపలికి పోవుదము. రివాల్వరు కొన్నవానికి కలుగు మొదటి ఫిర్యాదు ట్రిగ్గరు బరువు. కర్మాగారమునుండి వచ్చిన ఎన్ ఫ్రేము డబుల్ యాక్షన్ లాగుడు సాధారణముగా అయిదు కిలోల బరువునకు అటునిటుగా నుండును. ఆ బరువును చూపుడువ్రేలి కొసతో అంగుళము లోపలి దూరములో లాగుచు గురి చెదరనీయకుండుట అలవాటు లేనివానికి దుస్తరము. వెంటనే వానికి తోచు నుపాయము స్ప్రింగులను బలహీనము చేయుట. అంగడిలో తేలిక స్ప్రింగులు దొరకును. అవియైన కొనక, పిడి ముందుభాగమున మెయిన్ స్ప్రింగును బిగించియుంచు స్ట్రెయిన్ స్క్రూను ఒకటి రెండు చుట్లు వదలు చేసినను లాగుడు తేలికయగును. తేలికయైనదని వాడు సంతోషించును. కాని ఆ స్ప్రింగే హ్యామరునకు దెబ్బ; దెబ్బ తగ్గినచో గట్టి క్యాపు పేలక ‘టప్పు’మని యూరకుండును. సడలించిన స్క్రూ కాల్పుల అదురునకు తనంతట మఱికొంత సడలి, నిన్న పేలినది నేడు పేలకుండ చేయును. రీబౌండ్ స్లైడు స్ప్రింగును మితిమీఱి తేలిక చేసినచో ట్రిగ్గరు ముందుకు వచ్చుట మందగించును. వేగముగా కాల్చువాని వ్రేలు ట్రిగ్గరు పూర్తిగా తిరిగిరాక మునుపే మరల లాగును. యంత్రము నడుమ తడబడును.

ఇచ్చటనే ఈ విద్యలోని రహస్యమంతయు నున్నది. నునుపు వేరు, తేలిక వేరు. చేతికి భారముగా తోచు లాగుడులో స్ప్రింగు బలము కొంత, లోహము లోహమును గీరుకొను ఘర్షణ కొంత. స్ప్రింగు బలము యంత్రమునకు ప్రాణము, ఘర్షణ నిరర్థకము. మంచి శిల్పి మొదట ఘర్షణను వెదకి తొలగించును. అందులోను మొట్టమొదట చూడవలసినది రీబౌండ్ స్లైడు. దాని అడుగుభాగమును, అది జారు ఫ్రేము గాడిని సన్నని సానరాయితో, చదును చెడకుండ, యంత్రము చేసిన గీతలు మాయునంత మేరకే నునుపు చేసినచో, లాగుడు అంకెలలో పెద్దగా తగ్గకున్నను వ్రేలికి సగము తగ్గినట్లు తోచును. హ్యామరు ప్రక్కలు ఫ్రేమునకు రాచుకొను చోట కాంతి చెడిన మచ్చ కనబడును. దానిని బట్టి రాపిడి యెచ్చటనో తెలియును. ఎడ్లబండి నడిపిన పెద్దలకిది క్రొత్త కాదు: ఇరుసు కీచుమన్నపుడు కందెన పెట్టుదురు గాని, బండి బరువు తగ్గించుటకై చక్రపు ఆకులు ఊడదీయరు గదా.

ఎచ్చట సానరాయి పెట్టరాదో తెలియుట అంతకంటె ముఖ్యము. ఈ రివాల్వరునుగూడ బొటనవ్రేలితో ఎక్కించినపుడు హ్యామరును నిలిపియుంచు సన్నని మెట్టు మీదను, ఆ మెట్టును పట్టుకొను ట్రిగ్గరు కొస మీదను చేయి పెట్టరాదు. పాత రివాల్వర్లలో ఈ భాగముల పైపొర మాత్రమే గట్టిగా కాల్చి పదును పెట్టబడినది. ఆ పొర కాగితము వలె పలుచన. దానిని అరగదీసినచో లోపలి మెత్తని యుక్కు బయటపడి, కొన్ని వందల కాల్పులలో అరిగి, హ్యామరు నిలువక జారిపోవును. ఎక్కించిన హ్యామరును వెనుకనుండి బొటనవ్రేలితో నెట్టిచూచుట శిల్పులు చేయు పరీక్ష. ఖాళీ తుపాకిలో అట్లు నెట్టినపుడు హ్యామరు కదలినచో ఆ తుపాకి ప్రమాదకరము, వెంటనే మరమ్మత్తు చేయింపవలసినది. వీణకు మెట్లు కట్టు బొబ్బిలి శిల్పి మైనము మీద మెట్టును వెండ్రుకవాసి ఇటునటు జరిపి స్వరస్థానమును వెదకును. తప్పినచో మైనమును మరల వేడిచేసి సరిచేయును. ఉక్కు మైనము కాదు. ఆకురాయి తీసికొనిపోయిన లోహము మరల రాదు. క్రొత్త భాగమునే వేయవలెను.

నునుపునకు ఇంకొక మార్గము కలదు; అది ధనవ్యయము లేనిది, ఓర్పు మాత్రము కావలసినది. తుపాకి ఖాళీగా నున్నదని ఒకటికి రెండుమారులు చూచుకొని, గదులలో ఉత్తుత్తి తూటాలను పెట్టి, సురక్షితమైన దిక్కునకు త్రిప్పి, వేలకొలది మారులు ట్రిగ్గరు లాగుచు రాగా భాగములు ఒకదానికొకటి అలవాటుపడి తామే నునుపెక్కును. కాల్చువాని వ్రేలును అంతే. మొంటానా రాష్ట్రపు ఎడ్ మెక్‌గివెర్న్ 1932లో, యాబదియేడేండ్ల వయస్సున, అయిదు తూటాలను సెకండులో ఇరువదింట తొమ్మిది వంతులలో కాల్చి, గుండ్లనన్నిటిని అరచేతితో కప్పదగినంత చోట నాటెను. ఆయన వాడినది మధ్యమ ఫ్రేము రివాల్వరు. పెద్ద ఫ్రేము సిలిండరు బరువైనది గనుక అంత వేగము దానితో కూడదని తలచువారుండిరి. లూయిసియానాకు చెందిన జెర్రీ మిక్యులెక్ 1999లో ఎన్ ఫ్రేము రివాల్వరుతో ఆరు తూటాలు కాల్చి, పైన చెప్పిన పూర్ణచంద్రపు క్లిప్పుతో మరల నింపి, ఇంకను ఆరు కాల్చెను. మొత్తము పట్టిన కాలము 2.99 సెకండ్లు. ఆ యేడే ఎనిమిది గదుల ఎన్ ఫ్రేము రివాల్వరుతో ఎనిమిది తూటాలను సరిగా ఒక్క సెకండులో కాల్చెను. పెద్ద యంత్రము మందగొడి కానక్కరలేదని ఈ యంకెలు తేటపఱచుచున్నవి.

బాహ్యముగా చేయదగిన మార్పులలో నా దృష్టిలో మొదటిది పిడి. ఎన్ ఫ్రేము పెద్ద చేతులవారికై పుట్టినది. చిన్న చేయి గలవాడు లావుపాటి పిడిని పట్టుకొన్నచో వ్రేలు ట్రిగ్గరునకు అందుటయే కష్టమై, లాగుడు ప్రక్కకు పోయి గురి చెడును. వానికి కావలసినది తేలిక స్ప్రింగు కాదు, సన్నని పిడి. రెండవది ట్రిగ్గరు ముఖము: వెడల్పై గీతలు గల ట్రిగ్గరు సింగిల్ యాక్షన్ గురికి మంచిది గాని, డబుల్ యాక్షనులో వ్రేలు దాని మీద కొంచెము జారవలెను గనుక నునుపై సన్నగా నున్నదే మేలు. గదుల ముఖద్వారముల అంచులను లేశముగా ఏటవాలు చేసినచో తూటాలు తడుముకొనక జారిపడును. సైట్ల రంగులు, హ్యామరు రూపము మొదలైనవి వారివారి అభిరుచికి సంబంధించినవి.

ఇప్పుడు కాపుదల. మంచి రివాల్వర్లు కాల్పులచే చెడుట కంటె తెలియని చేతులచే చెడుట యెక్కువ. సినిమాలలో వీరుడు సిలిండరు నింపి మణికట్టు విసరి ‘టక్కు’మని మూయును. అంతకంటె తుపాకికి అపకారము లేదు. అంత బరువైన సిలిండరును మోయునది క్రేనను సన్నని చేయి. విసరిన ప్రతిమారును అది రవంత వంగి, గదులు బ్యారెలునకు ఎదురుగా నిలుచుట తప్పును. రెండవ చేతితో మెల్లగా మూయుటయే పద్ధతి. ప్రక్కనున్న సైడ్‌ప్లేటును తెరచువారు స్క్రూడ్రైవరుతో అంచును పెకలించి నాశనము చేయుదురు. స్క్రూలు తీసిన పిమ్మట పిడిచట్రమును చెక్క పిడితో మెల్లగా తట్టుచుండిన ఆ అదురునకే పలక తానుగా పైకి లేచును. అది వెండ్రుక దూరనంత సరిగా చేతితో అమర్చినది. స్క్రూలను గూడ ఏది యెచ్చటిదో గుర్తుంచుకొనవలెను. వానిలో ముందుది క్రేనును పట్టియుంచుటకై ప్రత్యేకముగా సరిచేసినది. స్క్రూ గాడికి నిండుగా పట్టు సమాంతరమైన కొస గల స్క్రూడ్రైవరు లేనివాడు ఆ పనికి పూనుకొనకుండుటయే మంచిది.

కాల్చిన దినమున శుభ్రము చేయుట నియమము. తూటాలను వెడలగొట్టునపుడు బ్యారెలు కొస ఆకాశమును చూడవలెను. లేనిచో కాలకుండ మిగిలిన మందు రేణువులు వెడలింపు నక్షత్రము క్రింద చేరి, తరువాత సిలిండరు మూసికొనక, మూసినను తిరుగక మొరాయించును. ‘రివాల్వరు చెడినది’ అని శిల్పి వద్దకు తెచ్చినవానిలో పెక్కు పండ్లు తోము బ్రష్షుతో నక్షత్రము క్రింద తుడిచినంతనే బాగుపడును. మ్యాగ్నమ్ రివాల్వర్లకు మఱియొక జాడ్యము కలదు. .357 మ్యాగ్నమ్ తూటా దాని పూర్వరూపమైన .38 స్పెషల్ కంటెను, .44 మ్యాగ్నమ్ తూటా .44 స్పెషల్ కంటెను సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు పొడవు. పాత బలహీనమైన తుపాకిలో బలమైన తూటా పట్టకుండ నుండుటకే అట్లు పొడిగించిరి. పొదుపునకై పొట్టి తూటాలను కాల్చినపుడు వాని కొస ఆగుచోట మసి, సీసము ఉంగరమువలె పేరుకొనును. తరువాత పొడవు తూటా వేసిన అది పట్టక బిగుసుకొనును. గదులను ఇత్తడి బ్రష్షుతో తోమిననే గాని ఆ ఉంగరము పోదు. బ్యారెలు మొదట గుండు ప్రవేశించు గరాటివంటి భాగములో సీసము పేరుకొన్నను గురి చెడును.

నూనె విషయమున మన దేశమందెంతో అమెరికాలోను అంతే అతివృష్టి. క్రేను మీద ఒక చుక్క, వెడలింపు కడ్డీకి ఒకటి, రీబౌండ్ స్లైడు గాడిలో ఒకటి చాలును. ఎక్కువైన నూనె దుమ్మును, మసిని పట్టి గంధము వలె చిక్కబడును. గదులలోనికి కారినచో క్యాపును పేలనీయదు. నికెలు పూత గల తుపాకిని అమోనియా కలిసిన రాగిమలిన నివారిణితో కడుగరాదు. అది పూత పగులులలో దూరి పొరను లేపును. తోలు ఒరలో భద్రపఱచుట ఇంకొక పొరపాటు. తోలును పదును చేసిన లవణములు, అది పీల్చుకొనిన తేమ కలిసి ఉక్కును తినును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఈ మాట మఱియు వర్తించును. వెడలింపు కడ్డీ మరలు 1960 ప్రాంతమున ఎడమవాటపు మరలుగా మార్చబడినవి. కాల్పుల అదురునకు పాత కుడివాటపు కడ్డీ సడలి సిలిండరు తెరచుకొనకుండ చేయుచుండుటయే దీనికి కారణము. ఏ కాలపు తుపాకియో తెలియక తప్పువైపు త్రిప్పి కడ్డీని విఱుగగొట్టినవారు గలరు.

ఏడాదికొకమారు చూడవలసినవి మూడు కొలతలు. మొదటిది సిలిండరునకు బ్యారెలునకు నడిమి సందు, అది 0.15 మిల్లీమీటర్లకు, అనగా రెండు తలవెండ్రుకల మందమునకు అటునిటుగా నుండుట మేలు. ఎక్కువైనచో ఆ సందునుండి వేడి వాయువులు, సీసపు తునుకలు ప్రక్కకు చిమ్మును. సందు సరిగానున్నను కాల్చునపుడు దాని ప్రక్కన వ్రేలుంచరాదు. రెండవది సిలిండరు ముందువెనుకల కదలిక. మూసిన సిలిండరును వ్రేళ్లతో ముందుకు వెనుకకు నెట్టిన టకటకమని కదలినచో అరుగుదల మొదలైనదని గుర్తు. మిల్లీమీటరులో ఇరువదవ వంతు మందము గల సన్నని ఉక్కు వాషర్లతో శిల్పి దానిని సరిచేయును. మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, కాలసామరస్యము. ఖాళీ తుపాకిలో సిలిండరును వ్రేలితో తేలికగా ఆనించి, హ్యామరును మెల్లమెల్లగా ఎక్కింపగా, అది పూర్తిగా ఎక్కుటకు ముందే గొళ్లెము గాడిలో పడిన శబ్దము వినబడవలెను. ఆరు గదులకును వేఱువేఱుగా చూడవలెను. ఒక గది వెనుకబడినను గుండు బ్యారెలు అంచును గీరుకొనుచు పోవును. వెనుకబడినచో హ్యాండును మార్చి మందమైనది వేయుట శిల్పి పని.

ఈ సామరస్యము ఎట్లు చెడునో 1970ల చివర అమెరికాలో నడచిన ఉక్కుబొమ్మల పందెములు తెలిపినవి. 200 మీటర్ల దూరమున నిలిపిన పొట్టేలు బొమ్మను పడగొట్టుటకు పందెగాండ్రు .44 మ్యాగ్నమ్ రివాల్వర్లలో బరువైన గుండ్లను వేలకొలదిగా కాల్చిరి. ఆ తూటా పుట్టుకకు వెనుక ఐడహో పశుపాలకుడు ఎల్మర్ కీత్ దశాబ్దముల పట్టుదల గలదు. 1955 చివర దానికై ఎన్ ఫ్రేములో తయారైన రివాల్వరే తరువాత ‘మోడల్ 29’ అను పేర 1971 నాటి ‘డర్టీ హ్యారీ’ చిత్రముతో లోకమెల్ల తెలిసినది. కాని 1908 నాటి ఫ్రేము ఆ బలమును వేటగాని యేడాదికి కొన్ని కాల్పుల లెక్కన మోయగలదే గాని, పందెగాని లెక్కన కాదు. అదురునకు గొళ్లెము గాడినుండి ఎగిరి, సిలిండరు వెనుకకు తిరిగి, అప్పుడే పేలిన గదియే మరల హ్యామరు క్రిందికి వచ్చుట పలువురు చూచిరి. కర్మాగారమువారు 1980ల చివర గాడులను పొడవుచేసి, గొళ్లెమునకు అడ్డుకట్ట వేసి, క్రేనును దృఢపఱచిరి. ఏ శిల్పియు నునుపుతో నయము చేయలేని జబ్బు అది. యంత్రమునకు తగని బరువు మోపుట దానికి కారణము.

ఇక మన దేశమునకు వచ్చెదము. ఇచ్చట పైన చెప్పిన మార్పులను, మరమ్మత్తులను ఇంటిలో చేసికొనుటకు చట్టము ఒప్పదు. 1959 నాటి ఆయుధ చట్టము అయిదవ సెక్షను ప్రకారము తుపాకులను మార్చుట, మరమ్మత్తు చేయుట అందుకై ప్రత్యేక లైసెన్సు గలవారికే చెల్లును. బ్యారెలును పొట్టిచేయుటను ఆఱవ సెక్షను వేఱుగా నియంత్రించినది. తన రివాల్వరుకు లైసెన్సున్నంత మాత్రమున ఆకురాయి పట్టు హక్కు రాదు. శుభ్రము చేసికొనుట, త్రుప్పు పట్టకుండ కాచుకొనుట యజమాని విధి. సైడ్‌ప్లేటు లోపలిది లైసెన్సు గల ఆయుధశిల్పిది. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో చేసిన .32 రివాల్వరైనను, తాతలనాటి ఇంగ్లీషు రివాల్వరైనను ఇదియే పద్ధతి. మీ యింట బీరువాలో అట్టిదొకటి యుండినచో, దానిని విప్పవలదు. లైసెన్సు చెల్లుబాటులో నున్నదో లేదో చూచి, శిల్పి వద్దకు తీసికొనిపోవుడు. అంతకుముందు బ్యారెలును ఎవరును లేని దిక్కునకు త్రిప్పి, ట్రిగ్గరునకు దూరముగా వ్రేలుంచి, సిలిండరు తెరచి ఆరు గదులను ఒక్కొక్కటిగా కంటితో చూచి, వ్రేలితో తడవి, ఖాళీగా నున్నవని నిశ్చయించుకొనుడు.